బుధవారం ప్లంబరు

పానా వాళ్ళ నాన్న ఫోనులో మనుషుల పేర్లు ఉండవు. జబ్బులుంటాయి. కారే సింకు, మోటారు చప్పుడు, తుప్పు పైపు అమ్మగారు, మూడో అంతస్తు లీకు, మళ్ళీ లీకు. ఆయన ప్లంబరు. ఎవరింటికి మొదటిసారి ఏ పని మీద వెళితే ఆ పనినే ఆ ఇంటివాళ్ళకి పేరుగా పెట్టుకునేవాడు. సొంతవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. పానా వాళ్ళ అమ్మ నంబరు 'ఇంటి కుళాయి' అని ఉండేది. పెళ్ళైన కొత్తలో ఆవిడ చెప్పిన మొదటి పని అదేనట. ఇప్పటికీ ఆ కుళాయి కారుతూనే ఉందని ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది. మా సైన్సు మేడమ్ 'గీజరు టీచరు'. మా పెద్ద సారు పేరు మాత్రం ఇక్కడ రాయలేను, ఆయనింట్లో పాడైంది స్నానాల గది పక్క గదిలో.

పానాకి అసలు పేరొకటి ఉంది కానీ హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. తొమ్మిదో తరగతిలో వెనక నుంచి రెండో బెంచీ మీద మేం నలుగురం. ప్లంబరు కూతురు కాబట్టి దాన్ని పానా అనేవాళ్ళం. నోరు తెరిస్తే పక్క తరగతివాళ్ళు కూడా నోట్సు రాసుకోగలిగేంత గొంతున్నది బాకా. ఏ పనైనా అందరికన్నా రెండింతలు నెమ్మదిగా, పదింతలు మర్యాదగా చేసేది నిదానం. నాలుగోదాన్ని నేను. ఛార్జింగు ఎంత మిగిలిందో చూస్తూ ఉండడం నా పని.

ఛార్జింగు గోల ఎందుకంటే, ఆ ఏడాది సైన్సు మేడమ్ పెద్ద సారుని బతిమాలి బతిమాలి బుధవారం మూడో పీరియడుకి మేం ఫోన్లు తెచ్చుకోవడానికి ఒప్పించారు. నలుగురికి ఒక ఫోను. మేడమ్ తన ఫోనులోంచి తరగతి గ్రూపుకి ఒక ప్రశ్న పంపుతారు. మేం నోరు మెదపకూడదు. ఏం చెప్పాలన్నా మెసేజీలోనే చెప్పాలి. వచ్చినవన్నీ ప్రొజెక్టరు మీంచి గోడ మీద పడతాయి. వెలుతురు రాకుండా కిటికీకి ఒక దుప్పటి కట్టేవాళ్ళం. మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే, అది కూడా మామూలుది కాదు. జవాబు పంపేముందు ప్రతి గుంపూ తిరిగి కొన్ని ప్రశ్నలు అడగాలి. అడక్కుండా పంపిన జవాబు ఒప్పైనా సరే, మేడమ్ లెక్కలోకి తీసుకోరు. మొదటి రెండు వారాలూ ఇదేం విడ్డూరమని బాకా గొణిగింది. దాని గొణుగుడు పెద్ద సారు గదిదాకా వినిపించింది.

మిగతా పీరియడ్లలో ముందు బెంచీలవాళ్ళు చేతులెత్తుతారు, మేం వాళ్ళ మోచేతులు చూస్తాం. బుధవారం మాత్రం ఎవరి మాటైనా గోడ మీద ఒకే సైజులో పడేది. ఇది అందరికన్నా ఎక్కువగా పానాకి నచ్చింది. దానికి అనుమానాలు బోలెడు, కానీ అవి నోటిదాకా వచ్చేసరికి పాఠం వేరే పేజీకి వెళ్ళిపోయేది. ఒకసారి దాని ప్రశ్న గోడ మీద పడగానే మేడమ్ చదివి, ఇది అడిగిందెవరని వెనక్కి తిరిగి చూశారు. పానా చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి వారానికి దానికి ఒకే రోజు, బుధవారం.

ఇబ్బందల్లా ఫోనుతోనే. మా నలుగురి ఇళ్ళలో పగటిపూట బడికి పంపగలిగిన ఫోను ఒక్కటే, అది పానా వాళ్ళ నాన్నది. ఆయనకి అన్నం పెట్టేది ఆ ఫోనే. వాళ్ళమ్మది బటన్ల ఫోను, అందులో గ్రూపులు తెరుచుకోవు. పానా ఎలా ఒప్పించిందో తెలీదు కానీ, బుధవారం రెండో పీరియడు అయ్యాక ఆయన స్కూటరు మీద గేటు దగ్గరికి వచ్చి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను ఇచ్చి వెళ్ళేవాడు. మధ్యాహ్నం గంట కొట్టాక వచ్చి తీసుకునేవాడు. ఈ మధ్యలో అంతకుముందే ఒప్పుకున్న ఇంట్లో ఏదో పని చూసుకునేవాడు. ఇచ్చేటప్పుడూ ఏం అనేవాడు కాదు, తీసుకునేటప్పుడూ ఏం అనేవాడు కాదు. మాటలు కూడా పైపుల్లాగే కొలిచి కోసేరకం ఆయన.

ఫోను లేని గుంపుని మేడమ్ విడదీసి తలా ఒక గుంపులో కలిపేస్తారు. కలిపితే ఏమవుతుందో మాకు తెలుసు. పక్కవాళ్ళ భుజం మీంచి తొంగిచూడ్డమే.

నీటి పీడనం పాఠం రోజు ప్రొజెక్టరు ఇంకా వేడెక్కలేదు. గోడ ఖాళీగా ఉంది. ఇంతలో మా ఫోను గుర్రుమంది. నిదానం చేతిలో ఉంది ఫోను. 'ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. వంటింట్లో కుళాయి బాగా వస్తోంది. స్నానాల గదిలో మాత్రం సన్నగా దారంలా వస్తోంది. ఎందుకంటావు?' అని ఉంది. పాఠమేమో ట్యాంకులూ, ఎత్తులూ. ప్రశ్న చూస్తే అచ్చం మేడమ్ అడిగినట్టే ఉంది. గ్రూపులో అందరికీ వచ్చిందో లేదోనని నిదానం మర్యాదగా దాన్ని గ్రూపులోకి కూడా పంపింది. సరిగ్గా అప్పుడే గోడ వెలిగింది.

మేడమ్ ఆ ప్రశ్న చదివి చాలాసేపు గోడవైపే చూశారు. ఇన్నాళ్ళకి ఒక గుంపు పుస్తకం మూసి ఇంట్లోంచి ప్రశ్న తెచ్చిందని మురిసిపోయారు. తను అడగాలనుకున్నది పక్కన పెట్టేసి, ఈ రోజు పాఠం ఇదేననీ, మిగతా గుంపులన్నీ మమ్మల్నే ప్రశ్నలు అడగాలనీ చెప్పారు.

అప్పుడు పానా వంగి పంపినవాళ్ళ పేరు చూసింది. 'మేడమీద కుళాయి' అని ఉంది. అది మేడమ్ కాదు. బజారు వెనక రెండంతస్తుల ఇంటి మేడమీద ఒంటరిగా ఉండే ఒక తాతగారు. పొద్దున్న ఫోను చేస్తే నాన్న సాయంత్రం వస్తానన్నాడట. ఆగలేక మెసేజీ పెట్టినట్టున్నాడు.

ఈలోగా గోడ మీద ప్రశ్నలు వర్షంలా పడుతున్నాయి. రెండు కుళాయిలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఎన్నాళ్ళ నుంచి ఇలా? ఒక్కసారిగా తగ్గిందా, మెల్లగా తగ్గిందా? నీళ్ళలో ఇసుక వస్తోందా? వీటికి మా దగ్గర ఏం జవాబుంటుంది. ఉన్న విషయం చెప్పేద్దామని పానా లేవబోయింది. ఈలోపే నిదానం టైపు చేసేసింది. 'అయ్యా, నమస్కారం. దయచేసి రెండు కుళాయిలూ ఒకే ఎత్తులో ఉన్నాయేమో చూసి చెప్పగలరా? శ్రమకి మన్నించండి.' తాతగారు వెంటనే జవాబిచ్చాడు. ఒకే ఎత్తు. మెల్లగా తగ్గింది. మొన్న ట్యాంకు కడిగినప్పటి నుంచి ఇసుక వస్తోంది. మేం ఆయన పంపింది పంపినట్టు గోడ మీదకి ఎక్కించాం. తరగతి మొత్తం ముందుకి వంగింది. ఒకే ట్యాంకు, ఒకే ఎత్తు అయితే రెండు చోట్లా పీడనం ఒకటేనని ఒక గుంపు రాసింది. అయితే తప్పు ట్యాంకుది కాదు, ఆ కుళాయిదే అని ఇంకో గుంపు రాసింది. కుళాయి మూతి దగ్గర సన్నటి జల్లెడ ఉంటుందని, అందులో ఇసుక చిక్కుకుంటుందని పానాకి తెలుసు. దాన్ని విప్పి కడగమని నిదానం నాలుగు దయచేసిలతో తాతగారికి రాసింది.

కాసేపటికి జవాబు వచ్చింది. 'వచ్చాయి. ధారగా వచ్చాయి. నువ్వు దేవుడివయ్యా.'

తరగతి చప్పట్లు కొట్టింది. ఎవరు దేవుడని మేడమ్ అడిగారు. పానా లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మేడమ్ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నవ్వు ఆపి, మీ నాన్న ఆ ఇంటికి వెళ్ళకముందే ఈ సంగతి చెప్పమని పానాకి గట్టిగా చెప్పారు. గేటు దగ్గర చెబుదామని పానా అనుకుంది. కానీ ఆయన ఫోను జేబులో వేసుకుని, స్కూటరు తిప్పి వెళ్ళిపోయాడు. దాని మాట ఎప్పటిలాగే నోటిదాకా వచ్చి ఆగింది.

సాయంత్రం జరిగింది మర్నాడు పానా మాకు చెప్పింది. నాన్న సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి తాతగారు అరచేతిలో కడిగిన జల్లెడ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడట. నువ్వు చెప్పినట్టే చేశానయ్యా అన్నాడట. నేనేం చెప్పానని నాన్న అంటే, చేసింది చెప్పుకోని మనిషివి నువ్వు అని మెచ్చుకున్నాడట. ఎదురుగా ఉంటే రెండు మాటలు రావు కానీ రాతలో ఎంత మర్యాద అని కూడా అన్నాడట. ధార ఎలా వస్తోందో మూడుసార్లు తిప్పి చూపించి పంపించేశాడట.

నాన్న ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, పానాని పిలిచి అడిగాడు. అది అంతా చెప్పింది. ఆయన కోప్పడలేదు.

"మీకు పాఠమైంది, బాగానే ఉంది. నాకేమైంది? మెట్లెక్కాను, ఆయన కుళాయి తిప్పుతుంటే చూశాను, మెట్లు దిగాను" అన్నాడు. వచ్చే బుధవారం నుంచి ఫోను రాదన్నాడు.

ఆ బుధవారం మమ్మల్ని విడదీశారు. బాకా వెళ్ళిన గుంపులో ఒకబ్బాయి దాని గొంతుకి భయపడి ఫోను దానికే ఇచ్చేశాడు, కాబట్టి దానికి ఇబ్బంది లేదు. నిదానం ఒక మెసేజీ రాయడం పూర్తయ్యేసరికి ఆ గుంపువాళ్ళు మూడు పంపేశారు. నన్ను పక్కవాళ్ళ ఛార్జింగు చూడమన్నారు. పానా ముందు బెంచీ గుంపులో చివర కూర్చుంది. పీరియడంతా ఒక్క మాటా రాయలేదు. ఏదో చెప్పబోయి ఆగిపోవడం వెనకనుంచి మూడుసార్లు చూశాను. దాని మాట వచ్చేసరికి ఫోను వేరేవాళ్ళ చేతిలో ఉండేది.

అదే సమయంలో వాళ్ళ నాన్నకి వేరే కష్టం వచ్చిపడింది. మేడమీద తాతగారు ఊరుకునే మనిషి కాదు. ఆ ప్లంబరుకి బుధవారం పొద్దున్న మెసేజీ పెడితే డాక్టరులా అన్నీ అడిగి చెబుతాడని ఇరుగుపొరుగు అందరికీ ప్రచారం చేశాడు. అందరూ బుధవారమే మెసేజీలు పెట్టారు. నాన్నేమో ఎవరింట్లోనో సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు తడి. ఆ తడివేళ్ళతో ఆయనకి పంపడం వచ్చింది ఒకటే బొమ్మ, బొటనవేలు. మా ఇంట్లో చుక్క నీళ్ళు లేవని ఒకరు రాస్తే బొటనవేలు పంపాడు. పైకప్పు కారి మంచం తడిసిపోయిందని ఇంకొకరు రాస్తే బొటనవేలు పంపాడు. తుప్పు పైపు అమ్మగారు ఫోను చేసి, ఆ పెద్దాయనకైతే మన్నించండని రాస్తావు, మా వరకూ వచ్చేసరికి వెక్కిరింపా అని నిలదీసిందట. ఏం పాడైందో సరిగా తెలీకుండా బయల్దేరి, ఆ రోజు ఆయన ప్రతి ఇంటి నుంచీ సామాను కోసం మళ్ళీ కొట్టుకి తిరిగాడు.

తర్వాతి బుధవారం మూడో పీరియడు మొదలవుతుంటే తరగతి గుమ్మం దగ్గర నీడ పడింది. పానా వాళ్ళ నాన్న. చెప్పులు బయట విడిచి, ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ లోపలికి రమ్మన్నారు. ఆయన రాలేదు.

"ఆ రోజు పిల్లలు అడిగినవన్నీ చదివానండి" అన్నాడు. "నేను ఇంటికెళ్ళి చూసేవే అవన్నీ. ముందే తెలిస్తే ఏ సామాను పట్టుకెళ్ళాలో తెలుస్తుంది."

"అయితే ఫోను ఇస్తారా?" అన్నారు మేడమ్.

"ఇస్తాను. అడగనివ్వండి. చెప్పనివ్వకండి."

అంటే జవాబు తెలిసినా మేం పైకి అనకూడదు. అన్నీ అడిగి, చివర్లో 'మధ్యాహ్నం వచ్చి చూస్తాను' అని పెట్టాలి. రాస్తున్నది పిల్లలని కూడా ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే తన పని పిల్లలాట అనుకుంటారని ఆయన భయం. ఈ రెండోది మేడమ్‌కి అంతగా నచ్చలేదు. కాసేపు సుద్దముక్కని అటూ ఇటూ తిప్పి, పానా ముఖం చూసి, సరేనని మాటిచ్చారు. రెండిట్లో ఏది తప్పినా ఫోను ఇంక అడగనన్నారు.

ఆయన వెళ్ళబోతూ ఆగాడు. "ఆ దయచేసిలు కొంచెం తగ్గించమనండి. గుమ్మం దగ్గర కూడా అలాగే మాట్లాడతానని చూస్తున్నారు వాళ్ళు. నాకు నోరు తిరగట్లేదు."

"అలాగేనండి, దయచేసి మన్నించండి" అంది నిదానం.

అడగడం మాకు అలవాటే. చెప్పకుండా ఉండడమే ప్రాణాంతకం. మోటారు చప్పుడు వాళ్ళు మోటారు తిరుగుతోంది కానీ నీళ్ళు ఎక్కట్లేదని రాస్తే, నాలుగు ప్రశ్నలకే తరగతి సగానికి సంగతి అర్థమైపోయింది. పైపులో గాలి చిక్కుకుంది. బాకా రెండు చేతులతో నోరు మూసుకుని బెంచీ మీద అటూ ఇటూ ఊగింది. వాళ్ళేమో ఇంతకీ ఏమైందో చెప్పవయ్యా, చెబితే నిశ్చింతగా ఉంటాం అని బతిమాలారు. నిదానం 'మధ్యాహ్నం వచ్చి చూస్తాను' అని రాసి, చివర్లో ఒక దయచేసి తగిలించబోతే పానా దాని వేలు పట్టుకుంది. పీరియడు అయ్యాక బాకా గ్రౌండులోకి పరుగెత్తుకెళ్ళి, గోడవైపు తిరిగి, గాలి, గాలి, గాలి అని అరిచి వచ్చింది. అప్పటిగ్గానీ దానికి అన్నం దిగలేదు.

పానా మళ్ళీ మనిషైంది. మధ్యాహ్నం గేటు దగ్గర వాళ్ళ నాన్న మెసేజీలు నిలబడే చదివి, సంచీలో సామాను సర్దుకునేవాడు. ఒకసారి సగం నవ్వాడని బాకా అంది. పంటికింద ఏదో పడిందని నేనన్నాను. ఊళ్ళో మాత్రం ఆయనకి బుధవారం ప్లంబరని పేరొచ్చింది. మిగతా రోజుల్లో మాట్లాడని మనిషికి బుధవారం ఏమవుతుందో ఎవరికీ అంతుచిక్కలేదు.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు సాంద్రతల పాఠం మొదలైంది. మేడమ్ ఇంకా ప్రశ్న పంపలేదు. మా ఫోను గుర్రుమంది. మేడమీద కుళాయి. అలవాటు ప్రకారం నిదానం దాన్ని గోడ మీదకి పంపింది.

'జల్లెడ కడుగుదామని తిప్పాను. కుళాయి మొత్తం ఊడి చేతికొచ్చింది. నీళ్ళు కొడుతున్నాయి. అరచెయ్యి అడ్డం పెట్టాను. ఇప్పుడేం చెయ్యను.'

ఎవరూ నవ్వలేదు. జల్లెడ విప్పొచ్చని ఆయనకి నేర్పింది మేమే. మీ నాన్న ఎక్కడున్నారని మేడమ్ అడిగారు. పానాకి తెలీదు. ఏ ఇంట్లో ఉన్నాడో, మధ్యాహ్నం గంట కొడితే గానీ రాడు. ఆయనకి ఫోను చేద్దామంటే ఆ ఫోను మా చేతిలోనే ఉంది. తరగతిలో ఉన్న ప్రతి కన్నూ మా బెంచీ మీద ఉంది. చెప్పెయ్యమని మేడమ్ అనలేరు. మాటిచ్చింది ఆవిడే.

నిదానం 'అయ్యా, నమస్కారం' దాకా వచ్చింది. పానా దాని చేతిలోంచి ఫోను లాక్కుని, నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. ముందుగా వినిపించింది మనిషి గొంతు కాదు, నీళ్ళ హోరు.

"తాతగారూ, డాబా మీద ట్యాంకు కింద వాల్వు ఉంటుంది. వెళ్ళి కట్టెయ్యండి" అంది పానా.

"నువ్వెవరమ్మా? ప్లంబరు లేడా?"

పానా మేడమ్‌వైపు చూడలేదు. "ఆయన కూతుర్ని. ఇన్నాళ్ళూ మీకు రాసింది నాన్న కాదు, మేం. తొమ్మిదో తరగతి."

"తరగతా" అన్నాడాయన.

"అవునండి. ముందు డాబా ఎక్కండి."

"ఎలా ఎక్కనమ్మా? చెయ్యి తీస్తే నీళ్ళొచ్చేస్తాయి."

"చెయ్యి పెట్టినా వస్తున్నాయి కదా తాతగారూ."

"వస్తున్నాయి" అని ఒప్పుకున్నాడు. "ఎదురు గోడదాకా కొడుతున్నాయి."

దారి ఇరుకైతే ధార ఇంకా దూరం పోతుందని, తమకి ఆ పాఠం అయిందని బాకా ఫోను దగ్గరికి వంగి చెప్పింది. స్పీకరు లేకపోయినా ఆయనకి వినపడేదే. తాతగారు చెయ్యి తీశాడు. హోరు వెనక్కి తగ్గి, మెట్ల మీద చెప్పుల తడి చప్పుడు వినిపించింది. ఎంత తిప్పాలని పైనుంచి అడిగాడు. పిడి పైపుకి అడ్డంగా వచ్చేదాకా అంది పానా. మూలిగాడు, ఇంకోసారి మూలిగాడు, వచ్చింది అన్నాడు. మళ్ళీ కిందికి దిగాడు. ఇప్పుడు నీళ్ళ చప్పుడు లేదు, ఆయన ఆయాసం ఒక్కటే ఉంది.

"ఆగిపోయాయి" అన్నాడు. "తొమ్మిదో తరగతి అన్నావు కదూ."

ఫోను పెట్టేశాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెప్పొద్దన్నది చెప్పేసింది, ఎవరో తెలియకూడదన్నది కూడా చెప్పేసింది. మీ నాన్నతో నేను మాట్లాడతానని మేడమ్ అన్నారు. పానా తల అడ్డంగా ఊపింది.

మధ్యాహ్నం గంట కొట్టాక నలుగురం గేటు దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ నాన్న స్కూటరు దిగకముందే పానా మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆగితే మళ్ళీ నోట్లోనే ఉండిపోతుందనుకుందేమో, ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. మేమని కూడా చెప్పేశాను నాన్నా, అంది చివర్లో. ఆయన ఫోను తీసుకుని మెసేజీ చదివాడు.

"ఏ వాల్వు కట్టాడు?"

"ట్యాంకు కిందది."

"పూర్తిగానా?"

"అడ్డంగా వచ్చిందన్నారు."

ఆయన తల ఊపి, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. కోపమో కాదో వీపుని చూసి ఎలా తెలుస్తుంది. పానా గేటు పట్టుకుని అక్కడే నిలబడింది. అన్నానికి రమ్మని బాకా పిలిచింది, నిజంగానే మెల్లగా పిలిచింది.

ఆ వారమంతా వాళ్ళింట్లో ఆ ఊసే లేదని పానా చెప్పింది. తాతగారింట్లో కొత్త కుళాయి బిగించాడని మాత్రం వాళ్ళమ్మ ద్వారా తెలిసింది. తాతగారు షరా మామూలే, వీధంతా చెప్పేశాడట. ప్లంబరు నోటితో మాట్లాడడు, ఆయనకి ఒక తరగతి మొత్తం మాట్లాడుతుంది అన్నాడట. కొందరు నవ్వారట. మోటారు చప్పుడు వాళ్ళు, పిల్లలకా మేం మా మోటారు గురించి విన్నవించుకున్నదని నొచ్చుకున్నారట. తుప్పు పైపు అమ్మగారైతే, తన పైపుకి తరగతిలో ఎన్ని మార్కులు వేశారో కనుక్కోమందట. వీటిలో ఏ మాటకి నాన్న ఏమన్నాడని అడిగితే, ఎప్పుడైనా ఏమైనా అంటేగా అంది పానా.

బుధవారం రెండో పీరియడు అయ్యాక గేటు దగ్గర నిలబడ్డాం. స్కూటరు రాలేదు. గంట కొట్టారు. ఇంక వెళదామని పానాయే అంది.

మేడమ్ మా ఖాళీ చేతులు చూశారు. నిదానాన్ని మూడో గుంపులోకి వెళ్ళమన్నారు. నన్ను కిటికీ పక్క గుంపులోకి పంపారు. పానా పుస్తకాలు సర్దుకుని లేస్తుండగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

వాళ్ళ నాన్న మోచేతులదాకా తడిగా ఉన్నాడు. పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు. ఈసారి గుమ్మంలో ఆగకుండా నేరుగా మా బెంచీ దాకా నడిచొచ్చాడు. తరగతి మొత్తం తన వైపే చూస్తోందని అప్పుడు గమనించి, నేల చూశాడు.

"ఎవరైనా కుళాయి విప్పుతామంటే వద్దని చెప్పండి" అన్నాడు. "నీళ్ళు కొడుతుంటే ఎక్కడ కట్టాలో చెప్పండి. ఈ రెండూ చెప్పండి. మిగతావి అడగండి."

"మేమెవరమని చెప్పాలండి?" అంది బాకా.

"ముందే చెప్పండి. పొద్దున్నించి మూడిళ్ళవాళ్ళు అడిగారు, ఇవాళ పిల్లలుంటారా లేరా అని." ఇంకేదో అనబోయి, అంత మాట్లాడినందుకే అలిసిపోయినట్టు ఆగిపోయాడు. ఫోను కూతురి చేతిలో పెట్టి, మేడమ్‌కి తల ఊపి వెళ్ళిపోయాడు.

పానా కవరు మీది తడిని చేతిరుమాలుతో తుడిచి, ఫోను బెంచీ మధ్యలో పెట్టింది. నిదానం మూడో గుంపువాళ్ళకి మన్నించండని చెప్పి తిరిగొచ్చింది. నేనూ వచ్చి ఛార్జింగు చూశాను, నిండా ఉంది. ముగ్గురం దగ్గరగా జరిగితే, పానాకి చోటు మధ్యలో దొరికింది.